గుమ్మడిపాదులో ఎనిమిది

ప్రశ్నపత్రాలు పంచి నాలుగు నిమిషాలైంది. తుంపలే ముందున్న బల్ల ఇంకా ఖాళీగానే ఉంది.

ఆ బల్ల మూల అంటించిన నంబరు ఆమెకి కంఠతా వచ్చు. తన నంబరుకి ఒకటి తక్కువ. ఇద్దరూ ఒకే రోజు ఒకే వరసలో నిలబడి పేర్లిచ్చారు కనుక అలా వచ్చింది. అది సెకెలా బల్ల. సెకెలా అంటే తుంపలే మొగుడికి సొంత చెల్లెలు.

వస్తుందిలే, ఎక్కడికి పోతుంది అనుకుంది తుంపలే. సెకెలా తన పెళ్ళికి తనే ఆలస్యంగా వచ్చిన మనిషి. "పెళ్ళికూతురు రాకుండా పెళ్ళెలా అవుతుంది వదినా, నీకెందుకా కంగారు" అని ఆ రోజు అన్న మాటని ఇప్పటికీ ఇంట్లో తల్చుకుని నవ్వుతారు. కానీ ఈ పరీక్ష సంగతి వేరు. ఇది మూడోసారి. మిగతావన్నీ పాసై బయాలజీ ఒక్కటే మిగిలింది. అది గట్టెక్కితే నర్సు చదువుకి సీటిస్తామని కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరాన్ని సెకెలా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బియ్యం డబ్బా అడుగున దాచింది. "ఈసారి పోయిందా, ఇక పుస్తకం ముట్టను. అవొకాడోలమ్ముకుంటూనే ముసలిదాన్నయిపోతాను" అని చనిపోయిన తల్లి మీద ఒట్టు పెట్టింది. సెకెలా నోటికి హద్దు లేదు గానీ ఒట్టు మాత్రం తప్పదు.

గోడ గడియారం ఎనిమిదీ అయిదు చూపిస్తోంది. ఎనిమిదిన్నర దాకా ఆలస్యంగా వచ్చినవాళ్ళని రానిస్తారు. ఆ తర్వాత తలుపు మూసేస్తారు. బయట సన్నగా వాన మొదలైంది. రేకుల మీద చినుకులు ఒక్కొక్కటే లెక్కపెట్టేలా పడుతున్నాయి.

మొదటి పెద్ద ప్రశ్న చదవగానే తుంపలే మనసు కుదుటపడింది. గుండె నుంచి రక్తం ఎలా బయల్దేరి ఎలా తిరిగొస్తుందో వివరించమన్నాడు. ఆమె ఆఖరి పేజీ తిప్పి, దాని నడుమ చిన్న గుండ్రం గీసి, అందులో 'గుండె' అని ఇంగ్లీషులో రాసింది. ముందు పాదు వేసుకోవాలి, తర్వాతే జవాబు.

పాదు అన్న పేరు సెకెలా పెట్టిందే. మూడేళ్ళ కిందట సాయంకాలం క్లాసులో మేష్టారు బోర్డు మీద గుండ్రం గీసి, చుట్టూ కొమ్మలు లాగి, కొమ్మకో మాట రాసి, దీన్ని మైండ్ మ్యాప్ అంటారన్నాడు. పాఠమంతా ఒక్క కాగితం మీద కంటికి కనిపిస్తుందన్నాడు. వెనక బెంచీ నుంచి సెకెలా, "మేష్టారూ, ఇది మా అమ్మ వేసిన గుమ్మడిపాదులా ఉంది. ఒక్క చోట నాటితే పక్కింటి దొడ్లోకి కూడా పాకుతుంది" అంది. క్లాసులో ఉన్న పద్నాలుగు మంది ఆడవాళ్ళూ నవ్వారు, మేష్టారూ నవ్వాడు. నవ్వి, ఒక నియమం చెప్పాడు: "సరే, పాదే అనుకోండి. తీగకి ఒక్క మాట. వాక్యం రాశారా, బరువుకి తీగ తెగుతుంది."

ఆ నియమం తుంపలేకి పుట్టుకతో వచ్చినట్టు అబ్బింది. ఆమె బట్టలు కుడుతుంది. కొలతల పుస్తకంలో ఛాతీ, నడుము, పొడవు అని ఏనాడూ రాసిన పాపాన పోలేదు. మూడంకెలు వేస్తే చాలు, ఏది దేనిదో ఆమె వేళ్ళకి తెలుసు. బట్ట కత్తిరించే పెద్ద బల్ల మీద, నమూనాలు గీసే గోధుమరంగు కాగితం పరిచి, సుద్దతో పాదులు వేసేది. ముఖ్యమైన తీగల్ని దారంతో కుట్టేది కూడా. గుండె పాదులో మంచి రక్తానికి ఎర్రదారం, చెడ్డ రక్తానికి నీలందారం. కుట్టేటప్పుడు వేలికి తెలిసింది పరీక్షలో మరిచిపోవడం కష్టమని ఆమె నమ్మకం.

సెకెలాకి ధమని ఏదో, సిర ఏదో ఎప్పుడూ తారుమారయ్యేది. చివరికి తనే ఒక దారి కనిపెట్టింది. "ధమని మా అన్న వదినా. ఇంట్లోంచి బయటికి పోవడమొక్కటే తెలుసు. సిరవి నువ్వు. ఎక్కడెక్కడ తిరిగినా మళ్ళీ ఇంటికే చస్తావు." అప్పట్నుంచి ఇద్దరిలో ఎవరూ తప్పలేదు.

తుంపలే పెన్ను చకచకా నడిచింది. పై గదులు, కింది గదులు, కవాటాలు, ఊపిరితిత్తులు. తీగలన్నీ పూర్తయ్యాక, చెయ్యి అలవాటుకొద్దీ పాదు మొదట్లో ఒక చిన్న ఆకు వేసింది. ప్రతి సబ్జెక్టు పాదుకీ ఆ చోట ఒక ఆకు గీసి, అందులో ఆ పరీక్ష ఎప్పుడో రాసిపెట్టింది ఆమె. కెమిస్ట్రీకి బుధ, 2. బయాలజీకి సోమ, 8.

పెన్ను ఆకులో '8' వేసి ఆగింది.

తుంపలే ఆ అంకెని చూసింది. తలెత్తి గోడ గడియారాన్ని చూసింది. ఎనిమిదీ ఎనిమిది. ముందున్న ఖాళీ బల్ల చూసింది.

ఎనిమిది. అయితే ఎవరి లెక్కలో ఎనిమిది?

ఆ ఊళ్ళో గంటలు రెండు రకాలు. బడి లెక్క ఇంగ్లీషుది, గడియారంలో ముల్లు ఎక్కడుంటే అది. ఇంటి లెక్క స్వాహిలీది, పగలు మొదలైన దగ్గర్నుంచి లెక్కపెడతారు. తెల్లారి ఏడైతే ఇంట్లో ఒంటిగంట. ఎనిమిదైతే రెండు. మధ్యాహ్నం భోజనాలై రెండు కొడితే ఇంట్లో ఎనిమిది. ఎవరికీ ఎవరూ నేర్పక్కర్లేదు, గడియారంలో ఒకటి చూసి నోటితో ఇంకోటి చెప్పడం పసిపిల్లలకీ అలవాటే. పెళ్ళి శుభలేఖ మీద 8 అని ఉంటే ఊరంతా మధ్యాహ్నం తీరిగ్గా ముస్తాబై వెళ్తుంది. పరీక్షల బోర్డు కాగితం మీద 8 అని ఉంటే తెల్లవారే లేచి పరిగెడుతుంది. పరీక్షలు పొద్దునా మధ్యాహ్నమూ ఉన్నా, కింద 'ఉదయం' అని ఇంగ్లీషులో రెండక్షరాలుంటాయి కనుక ఎవరూ పొరబడరు.

ఆ రెండక్షరాలే తుంపలే వదిలేసింది. తీగకి ఒక్క మాట.

నోటీసు బోర్డు మీంచి తారీఖులు రాసుకొచ్చిన రోజు సెకెలా ఊళ్ళో లేదు. పెద్దమ్మ చావుకి వెళ్ళి పదిరోజులు అక్కడే ఉండిపోయింది. అక్కడ చదువుకుంటుందని తుంపలే పాదుకి ఫోటో తీసి ఫోనులో పంపింది. "నీ చేతికి బంగారు తొడుగు చేయించాలి వదినా" అని సెకెలా జవాబిచ్చింది. తిరిగొచ్చి మూడు రోజులైనా, సరుకు పనిలో పడి కుట్టుబల్ల దగ్గరికి రాలేదు. నిన్న సాయంత్రం ఫోనులో మాట్లాడినప్పుడు, "రేపు బస్సులకి సరుకంతా అమ్మేసి, స్నానం చేసి, మహారాణిలా వస్తాను" అంది. తుంపలే నవ్వి, "నీ రాణివాసం తగలెయ్య, గంట ముందే ఉండు" అంది. తెల్లవారుజామున అయిదింటికి వచ్చే బస్సు సంగతనుకుంది. వేళాకోళమనుకుంది.

సెకెలా వేళాకోళం ఆడలేదు. ఈపాటికి బస్టాండులో ఎర్రగొడుగు కింద కూర్చుని, అవొకాడోలు బేరం చేస్తోంది. ఇంకా దాదాపు ఆరు గంటల టైముందనుకుంటోంది.

తుంపలే చెయ్యెత్తింది.

ఇన్విజిలేటర్ బూపే టీచర్ దగ్గరకొచ్చింది. వేరే ఊరి బడి నుంచి డ్యూటీకి వచ్చిన మనిషి. చెప్పులు చప్పుడు కాకుండా నడుస్తుంది.

"ఏం కావాలి? కాగితమా?"

"కాదు టీచర్. ఈ ముందు బల్లావిడ రాలేదు."

"రానివాళ్ళ సంగతి మేం చూసుకుంటాం. నీ పేపరు నువ్వు రాసుకో."

"ఆమెకి టైము తప్పు తెలుసండీ. నేనే తప్పు రాసిచ్చాను. ఒక్క ఫోను చేయనివ్వండి. నేను కాదు, మీరే చేయండి. నంబరు చెప్తాను."

జవాబులు చెప్పమని అడిగినా బూపే టీచర్ అంత కంగారు పడేది కాదేమో. వెంటనే వెళ్ళి పెద్ద మేష్టారు గ్వాకిసాని పిలుచుకొచ్చింది. ఆయన కేంద్రానికంతటికీ పెద్ద. పొట్టిగా, నున్నగా గీసిన గడ్డంతో, మెడకి కళ్ళద్దాలు వేలాడేసుకుని ఉన్నాడు. తుంపలే చెప్పిందంతా విన్నాడు. ఆ మాత్రం ఓపిక చూపించాడు.

"అమ్మా, నీ వయసెంత?"

"ముప్పై ఆరండీ."

"ముప్పై ఆరేళ్ళొచ్చి పరీక్ష హాల్లో ఫోను అడుగుతున్నావు. పదహారేళ్ళ పిల్ల అడిగితే చెవి మెలేసేవాణ్ణి."

"పోనీ గేటు దగ్గర పోలీసాయన్ని పంపండి. బస్టాండే. అవొకాడోలమ్మేచోట ఉంటుంది."

"పోలీసుని ఇచ్చింది ప్రశ్నపత్రాలకి కాపలా కాయడానికి. అవొకాడోలకి కాదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గ్వాకిసా అటు ఒక చూపు చూసేసరికి ఆగిపోయారు. "లోపలి మాట బయటికి పోకూడదు, బయటి మాట లోపలికి రాకూడదు. పొద్దున చదివి వినిపించాను. కూర్చో. రాసుకో."

ఎనిమిదీ పన్నెండు.

తుంపలే కూర్చుంది. కాగితం వంక చూసింది. ధమని తీగ, సిర తీగ, కవాటాలు, అన్నీ అక్కడే ఉన్నాయి గానీ ఏది దేనిదో తెలియలేదు. ఎవరో పరాయివాళ్ళు గీసిపెట్టిపోయినట్టుంది. మూడేళ్ళుగా సెకెలా చీకటితోనే లేచి సరుకు దింపుకుని, సాయంత్రం కుట్టుబల్ల దగ్గరికొచ్చి, కళ్ళు మూతలు పడుతుంటే చెంపలు తనే వాయించుకుని చదివింది. పుస్తకం చూడమంటే వద్దనేది. "పుస్తకంలో తప్పుంటే ఉంటుంది గానీ నీ పాదులో ఉండదు" అనేది. అదే మాట అందరి దగ్గరా అనేది.

మళ్ళీ చెయ్యెత్తింది.

"టీచర్, బయటికెళ్ళాలి. కడుపులో తిప్పుతోంది."



మరుగుదొడ్లు బడి వెనక పల్లంలో ఉన్నాయి. పక్కనే కంచె, కంచెకి అవతల రోడ్డు. బూపే టీచర్ గొడుగు పట్టుకుని పక్కనే నడిచింది. తుంపలే తల తిప్పకుండా కళ్ళతోనే రోడ్డంతా వెతికింది. నెత్తిన అరటిగెల పెట్టుకుని ఒక ముసలమ్మ పోతోంది. ఆమె బస్టాండు చేరేసరికి పొద్దుగూకుతుంది. ఇంకెవరూ లేరు. ఇంతలో మలుపులో మోటారుసైకిలు చప్పుడైంది. బాడుగకి తిప్పే ఇప్యానా. పోయిన నెలలో అతని వానకోటుకి తుంపలేనే జిప్పు మార్చింది.

బయటివాళ్ళతో మాట్లాడితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. పేపరు పోతుంది. ఒక్కోసారి అన్ని పేపర్లూ పోతాయి. తెలిసే కంచె దగ్గరికి నాలుగడుగులు పరిగెత్తింది.

"ఇప్యానా! ఆగు! బస్టాండులో సెకెలా ఉంది, అవొకాడోలమ్మే సెకెలా!"

"ఎవరు, ఎర్రగొడుగామెనా?" బ్రేకు వేసి, కాలు బురదలో ఆన్చి అడిగాడతను.

"ఆమే! బయాలజీ పరీక్ష మొదలైపోయిందని చెప్పు! మధ్యాహ్నం కాదు, ఇప్పుడే, ఈ పొద్దునే! ఎనిమిదంటే ఇంటి లెక్క కాదు, బడి లెక్క అని చెప్పు! ఎనిమిదిన్నరకి తలుపేసేస్తారు, బండెక్కించుకుని తీసుకురా!"

అంత పొడవు మాట ఆమె ఈమధ్యకాలంలో ఎప్పుడూ ఆడి ఉండదు. ఇప్యానా ఇంకేమీ అడగలేదు. బండి తిప్పేశాడు.

బూపే టీచర్ గొడుగు కింద పడేసింది. రెండు చేతులతో తుంపలే జబ్బ పట్టుకుంది. "ఏం చేశావ్! ఏం చేశావమ్మా నువ్వు! నా ముందే! నా కళ్ళముందే!" కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "ఇప్పుడు నేను చెప్పాలి. చెప్పకపోతే నా ఉద్యోగం పోతుంది. చెప్పక తప్పదు, తెలుసా నీకు?"

"చెప్పండి టీచర్. అందుకే మీ ముందే అరిచాను. దాచమని అడగను."

హాల్లోకి రాగానే బూపే టీచర్ చెప్పేసింది. గ్వాకిసా మేష్టారు తుంపలే బల్ల మీద కాగితాలు తీసుకుని, చంకలో పెట్టుకుని, ఆమెని ముందుకి తీసుకెళ్ళి నిలబెట్టాడు. ఎనభై మంది ఒక్కసారి తలలెత్తి, మళ్ళీ దించుకున్నారు.

"ఏమని అరిచావు?"

తుంపలే అన్న మాటలన్నీ మళ్ళీ చెప్పింది. ఆయన రాసుకున్నాడు.

"బోర్డు నీ పరీక్షలన్నీ రద్దు చేయొచ్చు."

"తెలుసండీ."

"నా మొహం చూసి మాట్లాడు."

తుంపలే చూడలేకపోయింది. ఆయన తల వెనక గోడ గడియారం ఉంది. ఎనిమిదీ ఇరవై. బస్టాండు ఎగువన మైలున్నర. వానలో ఆ ఎర్రమట్టి ఎత్తు మీద బండి జారుతుంది. ఇరవై మూడు. ఇప్యానాకి ఆమె కనిపించిందో లేదో. ఎవరో లారీవాడు బేరమాడి పక్క సందులోకి తీసుకెళ్ళాడేమో. ఇరవై అయిదు. వాన రేకుల మీద ఇప్పుడు లెక్కపెట్టలేనంతగా కొడుతోంది. బండి చప్పుడైనా వినపడదు. ఇరవై ఏడు. బూపే టీచర్ తలుపు దగ్గర నిలబడి, గొళ్ళెం మీద చెయ్యి వేసి, తనూ గడియారాన్నే చూస్తోంది.

ఇరవై ఎనిమిది దాటాక గేటు దగ్గర కేకలు వినిపించాయి. పోలీసు గొంతు, దాని మీంచి సెకెలా గొంతు. "పరీక్ష కార్డా? ఇదిగో కార్డు! మూడు రోజులుగా నడుం గుడ్డలోనే కట్టుకు తిరుగుతున్నా, చూడు నాయనా, బొమ్మ నాదే, ఇంతకన్నా అందంగా ఉండను!"

గుమ్మంలోకి వచ్చింది. నిలువునా తడిసిపోయింది. నడుముకి చుట్టిన గుడ్డంతా బురద. ఒక కాలికి చెప్పు లేదు. రొప్పుతూ నిలబడి, గుమ్మం పట్టుకుని, లోపలున్న ఎనభై మందినీ రాస్తున్న చేతుల్నీ చూసింది.

గ్వాకిసా మేష్టారు గడియారం చూశాడు. ఇరవై తొమ్మిది.

"నియమం ఇటు తిరిగినా నియమమే," అన్నాడాయన. "రానివ్వండి. ఒక పెన్నివ్వండి ఆవిడకి."

సెకెలా వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది. ముందు నిలబెట్టిన వదినని చూసి కూడా ఏమీ అర్థం కానట్టు, ప్రశ్నపత్రాన్ని దగ్గరికి లాక్కుంది. చేతి తడికి మొదటి పేజీ మడత పడింది. కాగితం నడుమ చిన్న గుండ్రం గీసింది.

మరో పది నిమిషాలకి గ్వాకిసా తుంపలే కాగితాలు తిరిగిచ్చేశాడు. "రిపోర్టు వేరు, పేపరు వేరు. బోర్డు నిర్ణయం వచ్చేదాకా నువ్వూ అభ్యర్థివే. రాసుకో."

తుంపలే రాసింది. ఏం రాసిందో తర్వాత ఎంత తల్చుకున్నా గుర్తుకి రాలేదు.

పదకొండింటికి బయటికొచ్చాక, వరండాలో సెకెలా ఆమెని గోడకి ఆనించి నిలబెట్టినంత పని చేసింది.

"ఎనిమిదని రాశావు!"

"ఎనిమిదింటికే కదే పరీక్ష."

"ఎవరి ఎనిమిది వదినా? ఎవరి ఎనిమిది? ఆ ఇప్యానా వచ్చి పరీక్ష అంటుంటే నా బేరం చెడగొట్టడానికొచ్చాడని తిట్టాను. రెండు నిమిషాలు తిట్టాను! ఆ రెండు నిమిషాలూ ఇంకో రెండయ్యుంటే?" ముక్కు తుడుచుకుని, "గుండె వచ్చింది. మా అన్ననీ నిన్నూ రాసేశాను. బాగానే రాశాను" అంది. అప్పుడు గుర్తొచ్చింది. "అవునూ, నిన్నెందుకు ముందు నిలబెట్టారు?"

తుంపలే చెప్పింది. సెకెలా మొహంలో రంగు పోయింది. వదిన చెయ్యి పట్టుకుని, తిన్నగా ఆఫీసు గదిలోకి లాక్కెళ్ళింది.

గ్వాకిసా మేష్టారు జవాబు పత్రాల కట్టలకి లక్క వేస్తున్నాడు. పోలీసు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. సెకెలా తలుపు దగ్గర ఫోన్ల సంచీలో వేసి తిరిగి తీసుకున్న తన ఫోను తెరిచి, బల్ల మీద పెట్టింది.

"ఇది చూడండి మేష్టారూ. కాపీ కొట్టడానికి అరిచిందా, ఇందుకు అరిచిందా, మీరే చెప్పండి."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఎర్రదారం, నీలందారం, కుట్లు చూశాడు. బాగుందన్నట్టు తల ఆడించబోయి ఆపుకున్నాడు. ఆకు దగ్గరికొచ్చి, "ఎనిమిదనే ఉందిగా. సరిగ్గానే ఉంది" అన్నాడు.

"మీకు ముందే తెలుసు కనుక సరిగ్గా ఉంది. తెలియనివాళ్ళ చేత చదివించండి."

గ్వాకిసా ఆలోచించాడు. ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి, ఆ ఆకు ఒక్కటే కనిపించేలా పెట్టి, పోలీసుకి చూపించాడు. "ఏమయ్యా, ఇదేమిటో చదువు."

పోలీసు వంగి చూశాడు. "సోమవారం, ఎనిమిది సార్." కాస్త ఆగి, "ఏదైనా పెళ్ళా? మధ్యాహ్నం పెట్టుకోవడమే మంచిది, భోజనాలు కూడా కలిసొస్తాయి."

ఏం తప్పన్నానా అన్నట్టు పోలీసు ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. గ్వాకిసా మేష్టారు కళ్ళద్దాలు తీసేశాడు. "ఇరవై రెండేళ్ళుగా పరీక్షలు పెడుతున్నాను," అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. రిపోర్టు ముందుకి లాక్కుని, కింద నాలుగు వరసలు రాశాడు. ఫోటోని కూడా తన ఫోనుకి పంపించుకున్నాడు. "దీన్నీ జతచేస్తాను. వాళ్ళేమంటారో నేను చెప్పలేను. బుధవారం కెమిస్ట్రీకి రామ్మా, నీ బల్ల ఉంటుంది." తుంపలే తలూపింది. అప్పుడాయన, తేలిగ్గానే, అడిగాడు: "ఈ ఫోటో ఇంకెవరికైనా పంపారా?"

"నేను సెకెలాకి తప్ప ఎవరికీ పంపలేదండీ," అంది తుంపలే.

సెకెలా బల్ల మీది ఫోను వెనక్కి తీసుకుంది. తుంపలే ఆమె వైపు తిరిగింది.

"సెకెలా?"

"ఒక్కామెకే వదినా," అంది సెకెలా. "పెద్దమ్మ చావులో కలిసింది. తేయాకు తోటలో పని. తనూ బయాలజీయే, ఈ సెంటరేనంది. రాత్రిళ్ళు చదువు బుర్రకెక్కడం లేదని ఏడ్చింది. నీ పాదు చూపించాను. ఎంత సంబరపడిందో... పంపమంటే పంపాను. తీగ పక్కింటికి పాకితే తప్పేముందనుకున్నాను."

"పేరు?" అన్నాడు గ్వాకిసా.

"తుసజిగ్వే."

ఆయన హాజరు పట్టీ తీశాడు. వేలు వరసగా కిందికి దిగింది. మూడో పేజీలో ఆగింది. వేలు అక్కణ్ణుంచి తియ్యకుండానే, "రాలేదు," అని చదివాడు. పొద్దున తన చేత్తో తనే రాసిన మాటని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

సెకెలా ఫోను చేసింది. తోటలకీ ఊరికీ మధ్య కొండల్లో సిగ్నలు ఉండదు. మోగకుండానే తెగిపోయింది. మళ్ళీ చేసింది. చేసి మాత్రం ఏం చెప్తుంది? తలుపు మూసి దాదాపు మూడు గంటలైంది.

ఇద్దరూ గేటు బయట చపటా మీద కూర్చున్నారు. ఇంటికి వెళ్దామని ఎవరూ అనలేదు. వాన వెలిసింది. తోటల వైపు నుంచి వచ్చే వ్యాను ఒకటి ఆగి, ఇద్దరు ముగ్గుర్ని దింపి వెళ్ళిపోయింది. వాళ్ళలో ఆమె లేదు. గంటకి ఇంకో వ్యాను వచ్చింది.

అందులోంచి ఒక సన్నపాటి ఆవిడ దిగింది. ఇస్త్రీ చేసిన తెల్లజాకెట్టు. అప్పుడే అల్లించుకున్న జడలు, నూనె మెరుస్తున్నాయి. బురద అంటకుండా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి, గేటు ముందు గడ్డిలో కాళ్ళు తుడుచుకుని తొడుక్కుంది. చంకలో పారదర్శకమైన కవరు. అందులో రెండు పెన్నులు, ఒక స్కేలు, నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఎర్రసిరాతోనూ నీలంసిరాతోనూ గీసిన తీగలు మడత మీదుగా కనిపిస్తున్నాయి. కుట్లు కూడా వదలకుండా, చిన్న చిన్న గీతలుగా దించింది.

సెకెలాని చూడగానే ఆమె మొహం విప్పారింది. గబగబా వచ్చి, రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు అప్పుడే వచ్చేశావా అక్కా! నేనే ముందనుకున్నాను. గంట ముందు ఉండాలన్నావుగా, రెండు వ్యాన్లు మారి వచ్చాను. నీ చేతులు ఇంత చల్లగా ఉన్నాయేం, భయమేస్తోందా?" తర్వాత తుంపలే వైపు తిరిగి, చపటా మీద కాస్త చోటు చూసుకుని కూర్చుంటూ నవ్వింది. "మీరేనా ఆ వదిన? లోపలికి ఎప్పుడు పిలుస్తారండీ?"